మురుగు ఆగిన ఏరు

ఏరు కంపు కొట్టడం మానేశాక ఆ వీధిలో ప్లానమ్మకి కొత్తల్లుడి మర్యాదలు మొదలయ్యాయి. కూరగాయల బండి దగ్గర ఆవిడ వంతు దానంతటదే ముందుకు జరిగేది. నవ్విన పాపాన పోని పక్కింటి పిన్ని గుమ్మంలోంచి చెయ్యూపి మరీ నవ్వేది. వీధి మొదట్లో లాండ్రీ నడిపే బాబాయి ఆవిడ చీరలు అందరికంటే ముందు ఇస్త్రీ చేసి, మడత నలగకుండా ఇంటికే తెచ్చి ఇచ్చేవాడు.

ప్లానమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. నదుల ఆఫీసులో ప్లాన్లు తయారుచేసే ఉద్యోగం ఆవిడది. పాడైపోయిన ఏటినీ, దాని పక్కనున్న చిత్తడి నేలనీ మళ్లీ బతికించడానికి నాలుగు దశల ప్లాను ఆవిడే రాసింది. మొదటి దశలో ఊరి మురుగు ఏట్లో పడకుండా ఆపాలి. ఆపారు. ఊరంతటి మురుగూ ఏట్లోకి దూకే పెద్ద తూముకి ఇనుప తలుపు బిగించి, అది మళ్లీ ఎవరి బుద్ధి మారినా తెరుచుకోకుండా ఫొటోగ్రాఫర్ల ముందు వెల్డింగు కూడా చేయించారు. ఇప్పుడా మురుగు గొట్టాల్లోంచి ఊరికి బాగా దిగువనున్న శుద్ధి కేంద్రానికి పోతోంది.

అత్తగారు కాపురానికొచ్చిన నాటి నుంచీ మూసే ఉన్న ఏటివైపు కిటికీని మేకులు పీకించి తెరిపించారు. కుర్చీ అక్కడికి లాక్కుని కూర్చున్నారు.

"ఈ ఇంటికి ఇటుపక్క కూడా గాలుందని నాకిన్నాళ్లకి తెలిసింది అమ్మాయ్. నీ చదువు ఎందుకో ఒకందుకు పనికొస్తుందని నేనంటూనే ఉన్నాగా."

ఆవిడ ఏనాడూ అలా అనలేదు. అన్నదల్లా, ఏటికి ప్లానేమిటే, పోయే దారి దానికి తెలీదా అని. కానీ అత్తగారి నోట పొగడ్త వచ్చినప్పుడు పాత మాటలు తవ్వే కోడలు తెలివితక్కువది. ప్లానమ్మ టీ గ్లాసు పట్టుకుని ఆవిడ పక్కనే నిలబడి, తను సంపాదించిన గాలిని రెండు గుక్కలు పీల్చింది. మూడో గుక్కకి ఫోను మోగింది.

అవతల గడ్డి డాక్టరు. ఆఫీసులో ఆవిడ సహోద్యోగి. నీటి మొక్కల మీద పెద్ద చదువు చదివినాయన. డాక్టరన్న మాట విని ఎవరైనా మోకాళ్ల నొప్పులు చెప్పుకుంటే ఓపిగ్గా అంతా విని, "మీరు తుంగ అయ్యుంటే ఏదో ఒకటి చెప్పేవాణ్ణండీ" అని నిట్టూర్చేవాడు.

"మేడం, ఒకసారి చిత్తడి దగ్గరికి రండి."

"ఏమైంది డాక్టరుగారూ?"

"మీరే చూడండి. ఫోన్లో చెబితే నాకు ఏడుపొస్తుంది."

*

వంతెనకి దిగువన, ఏటి గట్టుని ఆనుకుని ఉన్న పల్లమే చిత్తడి. మనిషెత్తు జమ్ము, దాని కాళ్ల దగ్గర తుంగ, మధ్యలో ఒక మడుగు. ఒకప్పుడు ఏటి పొడుగునా ఇలాగే ఉండేదట. గోడౌన్ల కింద, చెత్తగుట్టల కింద, క్రికెట్ మైదానం కింద పోగా మిగిలింది ఈ ఒక్క ముక్క. ప్లానులో మూడో దశంతా దీని మీదే ఆధారపడి ఉంది. ఇక్కడి దుంపలు తీసి రెండు గట్ల వెంబడీ నాటాలి. ఇది చస్తే నాటడానికి ఇంకేమీ లేదు. ఈ ఏటి జమ్ము మరెక్కడా మిగల్లేదు.

గడ్డి డాక్టరు ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి బురదలో నిలబడి ఉన్నాడు. బురదలో నిలబడటం ఆయనకి మామూలే. కానీ ఆయన నిలబడ్డ చోట పోయినసారి నడుం లోతు నీళ్లున్నాయి.

"ఎండాకాలం కదా, తగ్గుతుంది," అంది ప్లానమ్మ. తన గొంతు తనకే నచ్చలేదు.

"ఇన్నేళ్లుగా చూస్తున్నా మేడం. ఎంత ఎండ కాసినా ఈ జమ్ము కాళ్లు ఆరలేదు. చూడండి." ఆయన వంగి ఒక దుబ్బు మొదట్లో వేలు పెట్టాడు. నల్లటి బురద మీద సన్నటి గీతలు, పాత పింగాణీ కప్పు మీద పడినట్టు. వేలు సగం కూడా దిగలేదు.

"మరి నీళ్లేమైపోయాయి?"

"అదే మిమ్మల్ని అడుగుదామని."

ప్లానమ్మ తలెత్తి వంతెనవైపు చూసింది. వంతెన స్తంభం మీద తెల్లరంగుతో గీసిన కొలబద్ద ఉంది. ఏట్లో నీరెంతుందో రోజూ అక్కడే చూసి రాస్తారు. దాని కింద ఇప్పుడు ఇసుక, రెండు చెప్పులు, ఒక టైరు. ఆవిడ చూపు కొలబద్ద మీంచి ఎగువకి జరిగి, వెల్డింగు చేసిన ఇనుప తలుపు మీద ఆగింది. తలుపు ఎగువన, కొలబద్ద దిగువన. అటు చూసింది, ఇటు చూసింది.

ప్లాను రాసేటప్పుడు ఆవిడ ముందు పెట్టుకున్నవి ఈ కొలబద్ద లెక్కలే. ఎండాకాలంలో సైతం సన్నగా, తెంపులేకుండా నీరు. "ఏరు బక్కచిక్కింది గాని ఊపిరి ఉంది" అని ముందుమాటలో రాసుకుని, వాక్యం కుదిరిందని మురిసిపోయింది కూడా. ఎగువన ఆనకట్ట దగ్గర వేసవిలో చుక్క వదలరని తెలుసు. అయినా వంతెన దగ్గర నీరు కనబడుతోంది కాబట్టి మధ్యలో ఎక్కడో ఊటలున్నాయని అనుకుంది. ఊటలున్నాయి. ఊళ్లోని ప్రతి స్నానాలగదిలోనూ, ప్రతి వంటింటి తొట్టి కిందా ఉన్నాయి. ఏటికి ఊపిరి అని తను రాసింది ఊరి కడుగునీళ్ల గురించి. దానికి దగ్గరుండి ఇనుప తలుపు వేయించింది.

"శుద్ధి చేసిన నీళ్లని వెనక్కి తెచ్చి ఏట్లో వదలాలని ప్లానులో రాశారు కదా మేడం?"

"రాశాను."

"ఏ దశలో?"

"నాలుగో దశలో. ఏటికి సొంత నీళ్లున్నాయి కదా, తొందరేముందని..." ఆవిడ మాట పూర్తిచెయ్యలేదు. మడుగులో మిగిలిన నీళ్ల మీద నీటికోడి ఒకటి నాలుగు నల్లటి పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతోంది. ఇద్దరూ కాసేపు దాన్నే చూశారు.

"వానలొచ్చేదాకా ఆగుతుందా?"

"ఈ నల్లబురద పొడిబారి చీలిందంటే దుంపలు చస్తాయి. ఆ తర్వాత ఎంత వాన పడినా లాభంలేదు. నీళ్లు అక్కర్లేదు మేడం. తడి చాలు. వానల దాకా తడి నిలబెట్టగలిగితే దీన్ని నేను బతికించుకుంటా."

*

ఆఫీసులో పెద్దసారు గదిలో బల్లంత పొడుగున ఏటి నమూనా ఉంది. ప్లాస్టరుతో గట్లు, ఆకుపచ్చ స్పాంజితో చిత్తడి. స్విచ్చి వేస్తే అందులో నీళ్లు పారతాయి. ఎవరొచ్చినా పెద్దసారు ముందు ఆ స్విచ్చి వేసి, తర్వాతే కుర్చీ చూపిస్తాడు. ప్లానమ్మ వచ్చినప్పుడు కూడా అలవాటు కొద్దీ వేశాడు. చెప్పిందంతా విన్నాక దాన్ని ఆపడానికి ఆయనకి చెయ్యి రాలేదు. స్పాంజి చిత్తడి నిండా నీళ్లు గలగలలాడుతూనే ఉన్నాయి.

"అంటే, మురుగు మళ్లీ వదలమంటావా అమ్మా?"

"కొంచెం సార్. తలుపు ఒక జానెడు లేపితే చాలు."

"వెల్డింగు చేశాం."

"కోయిద్దాం సార్."

పెద్దసారు సొరుగులోంచి ప్లాను తీసి, కళ్లద్దాలు పెట్టుకుని, వార్తలు చదివేవాడిలా చదివాడు. "'ఎట్టి పరిస్థితుల్లోనూ, ఎంతటి స్వల్ప పరిమాణంలోనైనా, మురుగునీటిని ఏటిలోకి గాని చిత్తడిలోకి గాని వదలరాదు.' ఎవరు రాశారు?"

"నేనే సార్."

"కింద గీత కూడా గీశావు."

"గీశాను."

"రెండు గీతలు."

ప్లానమ్మ తల వంచుకుంది. ఎదుటివాళ్లు రాసిన నియమమైతే దాన్లో సందు వెతకొచ్చు. ఇది ఆవిడ సందులన్నీ మూసి మరీ రాసుకున్నది.

"పొరపాటు నాదేనని రాసిచ్చేస్తాను. కొలబద్ద తూముకి దిగువన ఉందని చూసుకోలేదని."

"ఇస్తే ఏమవుతుందో తెలుసా? రెండో దశకి అనుమతి వానలు తగ్గాక మీటింగులో రావాలి. ప్లాను రాసిన మనిషికే ఏట్లో నీళ్లెక్కణ్ణించి వస్తున్నాయో తెలీదని బయటపడితే ప్లాను మొత్తం అటకెక్కిస్తారు. ఆ పల్లంలో బస్సు డిపో కట్టాలని కాచుక్కూర్చున్నవాళ్లున్నారు. నోరు మూసుకో తల్లీ. నీ కోసం కాదు, ఏటి కోసం చెబుతున్నా."

"ఏటి కోసం నోరు మూసుకుంటే చిత్తడి చస్తుంది సార్."

పెద్దసారు చెడ్డవాడు కాదు. చాలాసేపు పెన్నుమూత తీసి పెట్టి, తీసి పెట్టి, చివరికి ఒక ట్యాంకరు పంపిస్తానన్నాడు.

ట్యాంకరు వచ్చింది. మంచినీళ్లు, తాగే నీళ్లు. చిత్తడి ఒడ్డున గొట్టం విప్పితే బురద గుటకలు వేస్తున్నట్టు చప్పుడైంది. ఒక చాపంత మేర నల్లగా నిగనిగలాడింది. డ్రైవరు బండి వెనక్కి తిప్పుకునేసరికి ఆ నిగనిగ కూడా పోయింది. అతను దిగి వచ్చి, నేలకేసి, ఆకాశంకేసి, ప్లానమ్మకేసి చూశాడు.

"ఇంకా దాహంగా ఉన్నట్టుందండీ," అని, ఇక తను చేయగలిగిందేమీ లేదన్నట్టు వెళ్లిపోయాడు.

*

ఇంటికొచ్చి ప్లానమ్మ వంటింటి గడప మీద కూలబడింది. భర్త ఆ ఇంట్లో పొద్దున పేపరు వెనకా, సాయంత్రం టీవీ ముందూ మాత్రమే దర్శనమిస్తాడు కాబట్టి ఆ వేళకి ఎవరూ ఏమైందని అడగలేదు. అత్తగారు గిన్నెలు కడిగిన నీళ్లు బకెట్లో పట్టి, పెరటి తలుపు దాకా మోసుకొచ్చి, కోడల్ని చూసి ఠక్కున ఆగిపోయారు.

పెరటి తలుపు వెనక వాన కాలువ. ఆ వరస ఇళ్లన్నిటి వెనగ్గా పోయి, మలుపు తిరిగి, తిన్నగా చిత్తడిలోకి దిగుతుంది. వాన పడినప్పుడే పారాలి. కానీ తరతరాలుగా ఆ వరసలో ఆడవాళ్లు స్నానాల నీళ్లూ, గిన్నెల నీళ్లూ, బట్టలు జాడించిన నీళ్లూ తలుపు తీసి అందులోకే కుమ్మరించేవారు. ప్లాను మొదలైనప్పుడు ప్లానమ్మ ఆ అలవాటు మాన్పించింది. ప్రతి పెరటి తలుపు మీదా నోటీసు అంటించింది. మొట్టమొదట బకెట్‌తో దొరికింది అత్తగారే. వీధి మొత్తం వింటుండగా, గౌరవం తగ్గకుండా, నీటి కాలుష్యం మీద ఆవిడకి ఉపన్యాసం ఇచ్చింది. అత్తగారు దాన్ని మర్చిపోలేదు. అప్పట్నుంచీ ప్రతి బకెట్టూ ఇల్లంతా తిప్పి, అందరికీ చూపించి, స్నానాలగదిలో పోస్తున్నారు.

"చూడకు అలాగ. పొయ్యడం లేదు. బాత్రూంలోకే తీసుకెళ్తున్నా. నడుం విరిగినా సరే, రూలంటే రూలే."

"కాలవలో పొయ్యండి అత్తయ్యా."

అత్తగారి చేతిలో బకెట్టు కొంచెం ఒలికింది. "ఏమన్నావు?"

"వాన కాలవలో పొయ్యండి."

"ఇంకోసారి అను."

"పొయ్యండి అత్తయ్యా, దణ్ణం పెడతా."

"ఆగు, పక్కింటిదాన్ని పిలుస్తాను. సాక్షి లేకుండా ఈ మాట నేను ఒప్పుకోను." ఆవిడ నిజంగానే గోడవైపు రెండడుగులు వేశారు. అప్పుడు చూశారు కోడలి మొహం. బకెట్టు కింద పెట్టారు.

ప్లానమ్మ చెప్పుకొచ్చింది. కొలబద్ద, తలుపు, నాలుగో దశ, ట్యాంకరు. మధ్యలో ఎక్కడో ఏడుపు వచ్చేసింది. అత్తగారు ఓదార్చే రకం కాదు. కాసేపు చూసి బకెట్టుని కాలితో కోడలి ముందుకి జరిపారు.

"ఏడిస్తే ఏడిచావు గాని, ఇందులో ఏడువు. దాన్నీ కలిపి పోద్దాం."

*

పొద్దున్నే ప్లానమ్మ అట్లకాడ పట్టుకుని బయల్దేరి, తను అంటించిన నోటీసుల్ని తనే గీకడం మొదలుపెట్టింది. మంచి జిగురు తెప్పించి అంటించింది కాబట్టి ఊడిరావడానికి తల ప్రాణం తోకకొచ్చింది. ఒక్కో తలుపు తెరుచుకుంది. ఒక్కొక్కరూ ముక్కున వేలేసుకున్నారు.

పక్కింటి పిన్ని నడుం మీద చేతులు పెట్టుకుంది. "నిన్న పొయ్యొద్దన్నావు, ఇవాళ పొయ్యమంటున్నావు. రేపు తాగమంటావా ప్లానమ్మా?"

"స్నానం చేసినవీ, కూరగాయలు కడిగినవీ, జాడించినవీ చాలు పిన్నీ. మరుగుదొడ్డి నీళ్లు గొట్టంలోకే. వానలు పడేదాకానే."

"కంపు మళ్లీ వస్తుందా?"

రాదని చెప్పొచ్చు. పిన్ని నమ్మేది కూడా. "కొంచెం వస్తుంది," అంది ప్లానమ్మ.

"మా పిల్ల ఇప్పుడే కిటికీ దగ్గర కూర్చుని చదువుకోవడం మొదలెట్టింది. దానికి తలనొప్పి తగ్గిందిట. నీ గడ్డి కోసం మళ్లీ తెచ్చుకోమంటావా?" అని పిన్ని తలుపు వేసేసింది. గట్టిగా వెయ్యలేదు. గట్టిగా వేసి ఉంటే బాగుండేదనిపించింది ప్లానమ్మకి.

లాండ్రీ బాబాయి దగ్గర వీధిలో అందరికంటే ఎక్కువ నీళ్లున్నాయి. అక్కడ అబద్ధం ఆడటానికైనా ఓపిక లేకపోయింది. లెక్క తప్పానని, ఏట్లో పారిందంతా మన నీళ్లేనని, ఇప్పుడు ఆ గొంతు నేనే నొక్కానని ఇస్త్రీపెట్టె పొగలో నిలబడి చెప్పేసింది. దుకాణంలో బట్టల కోసం వచ్చినవాళ్లు నలుగురున్నారు. ఆ మాట మధ్యాహ్నానికి ఆఫీసు దాకా పోతుందని ఆవిడకి తెలుసు.

"సబ్బు నీళ్లమ్మా," అన్నాడు బాబాయి, చిత్తడి కంటే ముందు తన పేరు చెడుతుందేమో అన్నట్టు. "మొక్కలు చచ్చి, నా వల్లే అంటారేమో."

"మొదటి జాడింపు గొట్టంలోకి పోనివ్వండి బాబాయ్. రెండోదీ మూడోదీ కాలవలోకి. ఆ కాస్త సబ్బూ జమ్ము తట్టుకుంటుందని డాక్టరు చెప్పాడు."

"ఏ డాక్టరు? మోకాళ్ల నొప్పికి మందివ్వనివాడేనా?"

"ఆయనే."

బాబాయి ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. తొట్టి కింద గొట్టాన్ని తడిమి చూసి, "మూడు జాడింపులు అనుకో, నాలుగోది కూడా వేస్తాలే. బట్టలు ఇంకా తెల్లబడతాయి," అన్నాడు.

ఆ రోజు నుంచి పెరటి తలుపులు తెరుచుకున్నాయి. నీళ్లు పడ్డాయి. పడినవి పడినట్టే మాయమయ్యాయి. ఎండిన కాలువ, పేరుకున్న ఆకులు, పగుళ్లు, అన్నీ కలిసి తాగేశాయి. ప్లానమ్మా గడ్డి డాక్టరూ పారలు పట్టుకుని కాలువ పొడుగునా ఆకులు తోడిపోశారు. సెలవు పెట్టింది ఆవిడ. ఎన్నాళ్లకని అడిగితే చెప్పలేకపోయింది. నీళ్లు లాండ్రీ దాటాయి. మర్నాటి ఎండకి మళ్లీ లాండ్రీ దాకా వెనక్కి పోయాయి. వీధిలో జనానికి ఇదొక వ్యసనమైంది.

"ఎక్కడిదాకా వచ్చింది ప్లానమ్మా?"

"మలుపు దగ్గరుందండీ."

"నిన్న కూడా మలుపు దగ్గరే అన్నావుగా."

"నిన్న మలుపుకి ఇవతల."

ఒక సాయంత్రం పక్కింటి తలుపు తెరుచుకుంది. పిన్ని ఒక వెడల్పాటి టబ్బుని ఈడ్చుకొచ్చి కాలువలో వంచింది. "మనవడి స్నానం నీళ్లు. కంపు కొట్టవు, చూసుకో," అంది కోపంగా. తర్వాత లోపలికెళ్లి కిటికీ మూసిన చప్పుడు వినబడింది.

నీళ్లు చిత్తడిని చేరాయి. చూడ్డానికి వీధంతా రాలేదు గాని, వచ్చినా పెద్దగా చూసేదేం లేదు. చూపుడు వేలంత బూడిదరంగు ధార కాలువ నోట్లోంచి జారి, జమ్ము మొదళ్ల మధ్య పరుచుకుని, నాలుగు బారల్లోపు కనబడకుండా పోయింది. అప్పటికి చిత్తడిలో అవతలి సగం ఎండిపోయింది. ఆకుల చివర్లు గోధుమరంగుకి తిరిగాయి. మడుగు కుంచించుకుపోయి పెద్ద పళ్లెమంత అయింది.

పెద్దసారు ఫోను అక్కడే వచ్చింది.

"వీధి వీధంతా కాలవలో పోయిస్తున్నావట. సంజాయిషీ నోటీసు పంపక తప్పట్లేదమ్మా. నువ్వు రాసిన నియమం కిందే."

"పంపండి సార్."

"ప్లాను ఇంకొకరికి అప్పగిస్తున్నారు. నా చేతిలో లేదు."

"ఇవ్వండి. నాలుగో దశని మొదటికి తెమ్మని మాత్రం వాళ్లకి చెప్పండి."

అవతల నమూనాలో నీళ్ల చప్పుడు వినిపించింది. "ఎందుకని అడుగుతారు కదమ్మా," అన్నాడాయన.

*

గడ్డి డాక్టరు ఒక పుల్ల తీసుకుని బురదలో గీత గీశాడు. కాలువ నోటి దగ్గర మొదలై, అర్ధచంద్రంలా తిరిగి, గట్టు దగ్గర ఆగింది.

"ఇంతవరకూ నిలబెట్టగలం మేడం. ఇక్కడ కట్ట వేసి, వచ్చే నీళ్లన్నీ ఇందులోనే ఆపాలి. ఇలాగే వదిలేస్తే అంతటా పరుచుకుని ఎక్కడా చాలకుండా మొత్తం పోతుంది."

ఆ గీత లోపల రెండిళ్ల వాకిళ్లంత నేలుంది.

"మిగతాది?"

ఆయన తన కాళ్లకేసి చూసుకున్నాడు. మడుగు గీతకి అవతల ఉంది. నీటికోడి గూడు మడుగు అంచున, ఎండుతున్న తుంగలో ఉంది.

"గీత కొంచెం అవతలకి జరిపి, మడుగుని కూడా కలుపుకుంటే?"

"నీళ్లు చాలవు."

"గూడుని జాగ్రత్తగా తీసి ఇటు పెడితే?"

"పెట్టిన గూటికి అది రాదు మేడం. మీకూ తెలుసు."

తెలుసు. అయినా అడిగింది. అడక్కుండా పార పట్టుకోవడానికి చేతులు రాలేదు.

గోనెసంచుల్లో బురద నింపి ఒక్కొక్కటీ పేర్చుకుంటూ పోయారు. మధ్యాహ్నం ఎండ నడినెత్తిన ఉంది. కాసేపటికి గట్టు మీద గొడుగు కనబడింది. కింద అత్తగారు. పెరటి కాలువ పట్టుకుని నడుచుకుంటూ వచ్చేశారు. ఏటి పక్కనే కాపురం చేసి, ఇంత దగ్గరగా రావడం ఆవిడకి ఇదే మొదలు. గొడుగు మూసి, చీర కుచ్చిళ్లు ఎగదోపి, జారకుండా చూసుకుంటూ దిగారు. జమ్ము కంకుల్ని, కొంగల్ని, పగిలిన నేలని చాలాసేపు చూశారు.

"రోజూ ఇన్నిన్ని నీళ్లు పోస్తున్నాం. ఇంతేనా మిగిలేది?"

"ఇంతే అత్తయ్యా."

"అటుపక్కది?"

ప్లానమ్మ సంచి మూతి కట్టడంలో మునిగిపోయింది.

చివర్లో జానెడు సందు మిగిలింది. తాజా నీటి వాసన తగిలిందేమో, అవతలి బురదలోంచి వేలెడంత చేపపిల్లలు ఆ సందులోకి ఎదురెక్కి వస్తున్నాయి. సగం నీళ్లలో, సగం గాల్లో, పొట్టల మీద కొట్టుకుంటూ. ప్లానమ్మ మోకాళ్ల మీద కూర్చుని దోసిళ్లతో వాటిని ఎత్తి ఇటు వెయ్యడం మొదలుపెట్టింది. దోసిట్లో సగం బురద, రెండో మూడో చేపలు. వేసిన కొద్దీ వస్తూనే ఉన్నాయి. డాక్టరు సంచి పట్టుకుని నిలబడ్డాడు.

"మేడం."

"ఒక్క నిమిషం."

"నీళ్లు అటు పోతున్నాయి మేడం. పొద్దుట్నుంచీ ఆపినవి."

"ఒక్క నిమిషం డాక్టరుగారూ."

ఆయన ఆగాడు. ఆవిడ ఇంకో రెండు దోసిళ్లు తీసింది. మూడోదానికి వంగి, వెయ్యకుండా చేతులు నీళ్లలోనే ఉంచి, కాసేపు అలాగే ఉండిపోయింది. వేళ్ల సందుల్లోంచి నీళ్లు అటువైపు జారుతున్నాయి. తర్వాత చేతులు తీసి, సంచి ఆయన దగ్గర్నుంచి తనే అందుకుని, సందులో పెట్టి, మోకాలితో అదిమింది.

ధార ఆగింది. ఇటుపక్క నీళ్లు ఒక పుల్ల మందం పైకి లేచి, జమ్ము మొదళ్లని చుట్టుకున్నాయి. డాక్టరు గబగబా అటూ ఇటూ తిరిగి ఒక్కో దుబ్బూ తాకి చూస్తున్నాడు. "బతుకుతాయి. ఇవి బతుకుతాయి మేడం," అంటున్నాడు, ఎవరో కాదన్నట్టు.

నీటికోడి పిల్లల్ని తీసుకుని కట్ట దాకా వచ్చింది. పిల్లలిప్పుడు మూడే. సంచి మీదికి ఎక్కి, తడివైపు చూసింది, తోక ఎగరేసింది. మనుషులున్నారు. దిగి, పిల్లల్ని వెనక్కి తిప్పుకుని, ఎండుతున్న తుంగలోకి గూటివైపు నడిచిపోయింది.

"మనం పోతే వస్తుందేమో," అన్నారు అత్తగారు మెల్లిగా. "పోదాం పదండి, పోదాం పదండి."

గట్టెక్కి, గొడుగు నీడలో ముగ్గురూ ఇరుక్కుని నిలబడ్డారు. పక్షి రాలేదు. ఎంతసేపు నిలబడ్డా రాలేదు. కాలువలోంచి వచ్చే ధార ఉన్నట్టుండి కాస్త లావైంది. లాండ్రీలో నాలుగో జాడింపు వేసుంటారు.

కట్ట కింది నుంచి సన్నగా నీళ్లు ఊరుతూ మడుగువైపుకి కారడం ప్లానమ్మ కంటబడింది. దాన్ని వదిలెయ్యాలని ఎంతో ఉంది. ఆ కాస్తా అటున్న చేపలకీ, పిట్టకీ పోనిద్దామని ఉంది. కిందికి దిగింది. గుప్పెడు బురద తీసుకుని, ఆ కారే చోట పెట్టి, అరచేత్తో గట్టిగా నొక్కింది.